పడమటి కొండ జవాబు

తెల్ వర్ద,
మే నెల, ఆదివారం

నోటిదురుసు మంతూరా అత్తయ్యకి,

క్షేమంగా చేరాను. నర్సు ఉద్యోగం బాగానే ఉంది, ఊరే బాగాలేదు. ఇక్కడ కొండ లేదత్తా. లేదంటే నీకు అర్థం కాదు. పొద్దున తలుపు తీస్తే చూపు ఎక్కడా ఆగదు, పోతూనే ఉంటుంది. ఊరి చివర ఒక మట్టిదిబ్బ ఉంది. దాన్ని చూపించి, "మా కొండ ఎక్కావా అమ్మా?" అని అడుగుతారు. బాధపడతారేమోనని నవ్వు ఆపుకున్నాను.

దవాఖానాలో ఒక డాక్టరు, నేను, సఫియా అని ఇంకో నర్సు. ఎర్రబడిన కళ్ళు నలుపుకుంటూ వచ్చే పిల్లలు రోజూ గుమ్మం దాకా బారులు తీరతారు. మందు చుక్క వేస్తే వాళ్ళమ్మలు నా చేతికి గుడ్లు పెడతారు. వద్దన్నా వినరు.

నాన్న అప్పుడే ఉత్తరం రాశాడు, సిలువ పండగకి రావాలట. సెప్టెంబరంటే ఇక్కడ పత్తి తీతలు. ఎక్కడెక్కడి కూలీలో వస్తారు, జ్వరాలూ వాళ్ళతోనే వస్తాయి. ఆ రద్దీలో పిల్లల పండగకి సెలవు కావాలని డాక్టరుని ఏ మొహం పెట్టుకుని అడగను?

అవును, పిల్లల పండగే. నీ భుజాల మీద కూర్చుని చూసినప్పుడు అదే నాకు లోకం. మన తూర్పు కొండ మీద తాత మంట పెట్టేవాడు. తరవాత ఊరంతా గండి అవతల పడమటి కొండకేసి చూస్తూ నిలబడేది. అక్కడ జవాబు మంట లేచేదాకా ఒక్క ద్రాక్షపండు నోట్లో వేసుకోకూడదు. నాకేమో ఆకలి. మంట లేచే ముందు పడమటి మంటపెద్ద దీబ్ ముసలాయన గొంతు గండి దాటి వచ్చేది: "పడిందీ! పడిందీ!" మన మంట పడిపోయిందని వాళ్ళ వెక్కిరింత. ఓ ఏడు నేను నిజమే అనుకుని ఏడ్చాను. నువ్వు నా గడ్డం పట్టుకుని మంటవైపు తిప్పి, "పడలేదే పిచ్చిదానా, చూడు" అన్నావు. అప్పుడు మనమంతా గొంతులు చించుకుని, "నిలబడిందీ! నిలబడిందీ!" అని అరిచాం. ఆ రాత్రి గొంతు పోయి నాకు మాటే రాలేదు.

ఇప్పుడు తలుచుకుంటే, పెద్దవాళ్ళు ఏడాదంతా ఏరిన కట్టెలు తగలేసి, ఎవరి మంట పెద్దదని ఒకరినొకరు ఆడిపోసుకునే పండగలా ఉంది. కోప్పడకు. నేను పెద్దదాన్నయ్యాను, అంతే.

నీ అద్లా

*

కఫర్ జౌజ్, తూర్పు వీధి,
జూన్

చూపు ఎక్కడా ఆగని మహారాణికి,

పెద్దదానివయ్యావని రాశావు. సంతోషం. ఊళ్ళో ఆ సంగతి ఎవరికీ తెలియదు. మీ నాన్న నీ చిన్నప్పటి చెప్పులు ఇంకా మేకుకి తగిలించే ఉంచాడు.

దీబ్ ముసలాయన నువ్వు వెళ్ళిన వారంలోనే పోయాడు. నువ్వు బాధపడతావో సంతోషిస్తావో తెలియక ఇన్నాళ్ళూ రాయలేదు. శవాన్ని మోయడానికి పడమటివాళ్ళు చాలకపోతే మన తూర్పువాళ్ళు భుజం పట్టారు. ఆయన కొడుకులు ఇద్దరు బీరూట్ రేవులో, ఒకడు పటాలంలో. పడమటి వీధిలో సగం తలుపులకి తాళాలే. మిగిలింది ముసలాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ, మోకాళ్ళు పట్టేసిన ఆయన పెళ్ళాం హెల్వా.

మీ నాన్న ఆనందం ఇంతా అంతా కాదు. మొన్న భోజనాల దగ్గర చెయ్యి కూడా కడగకుండా మొదలుపెట్టాడు.

"ఈ ఏడు గెలుపు మనదే మంతూరా! ఆ కొండమీద అగ్గిపుల్ల గీసేవాడు లేడు."

"మరి జవాబు మంట రాకపోతే ద్రాక్షపళ్ళు ఎప్పుడు తినాలిరా నఖ్లే?"

"నేను తినమన్నప్పుడు."

"నువ్వేమన్నా రాణి హెలీనావా?"

పళ్ళెం నెట్టేసి లేచిపోయాడు. మాంసం కిబ్బె బాగాలేదని వంక కూడా పెట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

ఫాదరు ఇంకో మాట అంటున్నారు. ఈ ఏడు పడమటి కొండ మీద మంట లేవకపోతే, వచ్చే ఏటి నుంచి రెండు కొండలూ మానేసి, గుడి వాకిట్లో ఒక్క మంట చాలట. డబ్బాడు కిరసనాయిలు పోసి వెలిగించి, ప్రార్థన చేసి ఇళ్ళకి పోవచ్చట. ముసలివాళ్ళకి ఎక్కే శ్రమ ఉండదట. ఆయన మంచికే చెప్పారు. అందరూ తలూపారు.

నాకెందుకులే. నేను తూర్పు ఆడపడుచుని, పెళ్ళి చేసుకుని ఆ గండి దాటింది కూడా లేదు. కానీ రాణి హెలీనాకి సిలువ దొరికిన కబురు యెరూషలేము నుంచి కొండకొండకీ మంటలతో వెళ్ళిందంటారు కదా. ఒక కొండ వెలిగించి రెండోది ఊరుకుంటే ఆ కబురు ఎక్కడ ఆగిపోయినట్టు? ఇదడిగితే మీ నాన్న గడ్డం గోక్కున్నాడు.

అంజూర చెట్టు ఈసారి విరగకాసింది. నా ఆయుష్షు కూడా పోసుకుని బతుకు.

అత్తయ్య

*

తెల్ వర్ద,
జులై

అత్తా,

దీబ్ ముసలాయన లేడంటే నమ్మకం కుదరడం లేదు. ఆయన్ని దగ్గరగా చూసింది రెండు మూడుసార్లు. గొంతు మాత్రం మా తాత గొంతంత తెలుసు.

ఫాదరు చెప్పింది సబబే అనుకున్నాను మొదట. అలాగని ఉత్తరం రాశాను కూడా. చించేశాను.

నిన్న ఒకామె పాపకి కళ్ళమందు వేయించుకుని వెళ్తూ, "మీ ఊరు ఎటువైపమ్మా?" అంది. పడమరకి చెయ్యి చూపించాను. ఆమె అటే చూసి, "అక్కడేం లేదే" అంది. పాపం, చూసినమాటే చెప్పింది. అటు గోధుమకాడల మోళ్ళు, పైన తెల్లటి ఆకాశం. ఆమె వెళ్ళాక చాలాసేపు కిటికీ దగ్గరే నిలబడ్డాను. సఫియా వచ్చి సూదులు ఉడకబెట్టావా అని కసిరింది.

నీతో ఒకటి చెప్పాలి, నాన్నకి చదివి వినిపించకు. పదిహేనేళ్ళప్పుడు నేను మన మంట చూసేదాన్ని కాదు. పడమటి కొండ మీద కట్టె అందించే కుర్రాళ్ళలో ఎర్ర కండువా కట్టినవాడొకడు ఉండేవాడు. ఆ మంట లేస్తే వాడు కనిపిస్తాడు. అందుకే ఆ ఏడు జవాబు ఆలస్యమైతే అందరికంటే ఎక్కువ కంగారుపడింది నేనే. నువ్వు నా పక్కనే ఉండి, "ద్రాక్షపళ్ళ మీద అంత ఆశ ఎందుకే?" అన్నావు. తెలిసే అన్నావు కదూ?

ఆరేళ్ళప్పుడు మన మంట పెద్దదవ్వాలని ఉండేది. పదిహేనేళ్ళప్పుడు అవతలి మంట లేవాలని ఉండేది. ఇప్పుడు ఆ రెండూ ఇక ఉండకపోవచ్చని తెలిసి ఈ చదునునేల మీద కూర్చుంటే, ఎవరైనా నన్ను "పడిందీ" అని వెక్కిరించినా చాలనిపిస్తోంది. తిట్టు కోసం బెంగపెట్టుకున్న మనిషిని ఎక్కడన్నా చూశావా?

అద్లా

*

కఫర్ జౌజ్,
ఆగస్టు, మరియమ్మ పండగ మర్నాడు

ఎర్ర కండువా పిల్లకి,

తెలిసే అన్నాను. ఊరందరికీ తెలుసు, మీ నాన్నకి తప్ప.

చేతులు బాగాలేక ముక్తసరిగా రాస్తున్నాను. పైన్ జిగురు అంటుకుంటే కిరసనాయిలుతో రుద్దినా పోవడం లేదు. అరచేతులు పగిలిపోయాయి. మీ దవాఖానాలో పగుళ్ళకి మందు ఉంటే కాస్త పంపు. ఎందుకని అడక్కు.

గాడిద కుంటుతోంది, లాడాలు వేయించాను. మీ నాన్న, "ఇంటికీ ఊటకీ తిరిగే గాడిదకి లాడాలు ఎలా అరిగాయే?" అని అడిగాడు. దానికి షికారు అలవాటైందని చెప్పాను. అది మొన్న అతని చొక్కా కొరికింది. ఈ మధ్య దానికీ నాకూ బాగా కుదిరింది.

ద్రాక్ష పాకం కాస్తున్నాం. ఇల్లంతా కందిరీగలు. ఇంకేం లేదు రాయడానికి.

అత్తయ్య

*

తెల్ వర్ద,
ఆగస్టు చివర

అత్తా! ఆ గాడిద ఎటు షికారు వెళ్తోంది?

నన్నేమన్నా నాన్న అనుకున్నావా? మన కొండకి కట్టెలు మోసేది నాన్న, చిన్నాన్నలు. నీ చేతులకి జిగురు ఎలా అంటింది? లాడాలు అరగాలంటే రాళ్ళదారి కావాలి. ఊటకి వెళ్ళేదారి మెత్తటి మట్టి. రాళ్ళదారి మన ఊళ్ళో ఒక్కటే, పడమటి కొండది.

నువ్వు పడమటివాళ్ళ కట్టెలు పేరుస్తున్నావు. తూర్పు మంటపెద్ద కూతురివి, తూర్పు మంటపెద్ద అక్కవి! సఫియాకి చెబితే, "అయితే ఏంటి, కట్టెలే కదా?" అంది. ఆమెకి ఎలా చెప్పను? ఇది కట్టెల సంగతి కాదని మన రెండు వీధులవాళ్ళకి తప్ప ఇంకెవరికి తెలుస్తుంది? తాత బతికుంటే నిన్ను ఇంట్లోకి రానిచ్చేవాడా?

నిజం చెబుతున్నాను, నాకు గర్వంగా ఉంది. నిన్న రోగులకి మందులిస్తూ ఊరికే నవ్వుకున్నాను. ఈ వయసులో, ఆ దారిలో, ఆ గాడిదతో! నేను ఇరవైమూడేళ్ళకే ఆ పండగని దాటేశాననుకున్నాను. నువ్వు యాభై దాటాక దాని మధ్యలోకి నడిచావు.

సెలవు అడిగాను. డాక్టరు కాదనలేదు. కానీ సఫియాకి నెలలు నిండాయి, ఏ రోజైనా కాన్పు రావచ్చు. నేనూ లేకపోతే ఇక్కడ ఎవరూ ఉండరు. కాబట్టి రాలేను. మేలో రానని నేనే రాశాను, ఇప్పుడు రాలేనని రాస్తుంటే ఏడుపొస్తోంది.

ఈ మందు రాత్రి రాసుకుని, పైన పాతగుడ్డ చుట్టుకో. నాన్నకి తెలిస్తే ఏం చేస్తావు? హెల్వా ఒప్పుకుందా? దాచకుండా రాయి.

నీ అద్లా

*

కఫర్ జౌజ్,
సెప్టెంబరు, సిలువ పండగ తరవాత ఆదివారం

నా కంటిపాప అద్లాకి,

మందు అందింది. చేతులు నయం. ఇది పెద్ద ఉత్తరం, రోగుల్ని పంపించేశాక చదువు.

హెల్వా మొదట ఒప్పుకోలేదు. వేసవి మొదట్లో గుమ్మంలోకి వెళ్తే, "తూర్పోళ్ళ అగ్గిపుల్ల మా కట్టెకి తగలనివ్వను. మా ముసలాడు సమాధిలోంచి లేచొస్తాడు" అంది. నిజమే కదా అనిపించింది. "సరే వదినా, నిప్పు నీ పొయ్యిలోదే. మోత మాత్రం నాది" అన్నాను. లోపలికి పిలిచి కాఫీ పెట్టింది. అలా కుదిరింది. ఎండిన ద్రాక్షకాడలు, అక్రోటు కొమ్మలు వాళ్ళ తోటల్లోవే. పైన్ మొద్దులు వాళ్ళ కొండవే. తూర్పు పుల్ల ఒక్కటి లేదు.

మీ నాన్నకి పండగ ముందురోజు తెలిసింది. ఎవరో చెప్పారు. వాకిట్లో నిలబడి వీధంతా వినేలా అరిచాడు.

"కందకి లేని దురద కత్తిపీటకెందుకే? వాళ్ళ కొండ, వాళ్ళ ఖర్మ! మా అక్కే పోయి శత్రువుకి కట్టెలు మోస్తే నేను రేపు తలెత్తుకు తిరగాలా?"

"శత్రువెవడ్రా? మోకాళ్ళు రాని ముసల్దా?"

"నాన్న ఉంటే..."

"నాన్న ఉంటే దీబ్ పోయిన రోజే దిగులుపడేవాడు. ఎదుటి కొండ చీకటిగా ఉంటే ఎవరితో పోటీ పడతావు, గండితోనా? ఎవరూ చూడని మంట పొయ్యితో సమానం. అది నా వంటింట్లో రోజూ ఉంది."

అతను, "నేను జవాబు కోసం ఆగను. వెలిగించగానే ద్రాక్ష పంచేస్తాను" అని వెళ్ళిపోయాడు. అద్లా, అప్పుడు మాత్రం భయమేసింది. మనవాళ్ళు జవాబు చూడకుండానే తినేస్తే నేను వెలిగించీ ఏం లాభం?

పండగనాడు మధ్యాహ్నం హెల్వాని గాడిద ఎక్కించాను. తన పొయ్యిలో నిప్పులు మట్టికుండలో పోసి ఒళ్ళో పెట్టుకుంది. దారంతా గాడిదని తిట్టడం, సిలువ గుర్తు వేసుకోవడం. గాడిద బుద్ధిగా నడిచింది. ఆవిడంటే దానికీ భయమే. చంటిపిల్లల్ని గుండెకి కట్టుకుని పడమటి కోడళ్ళు ముగ్గురు వెనకాల వచ్చారు.

పొద్దు వాలింది. ఎదురుగా మన కొండ నల్లబడింది. నేను దాన్ని అటునుంచి ఎప్పుడూ చూడలేదు. అక్కడ ఇంత రాయి ఉందనీ, మన చర్చి గంట గోపురం అంత చిన్నదనీ నాకు తెలియదు. అంతలో కొండకొమ్మున ఒక ఎర్రచుక్క. అది పాకింది, లేచింది.

యాభై ఏళ్ళుగా ఆ మంట పక్కనే ఉన్నానే. పొగకి కళ్ళు మండాయి, కొంగు కాలింది, కట్టె అందించాను, ఊదాను. దాన్ని ఎప్పుడూ చూడలేదు. మన మంట ఎంత బాగుంటుందో మనకి తెలియదు అద్లా. కొండ మొత్తం దీపంపెట్టిన ఇల్లులా అయిపోయింది. ఇన్నేళ్ళూ దాన్ని చూసింది ఈ పడమటివాళ్ళే. మనం ఎవరితో కొట్లాడామో వాళ్ళకోసమే వెలిగించాం.

హెల్వా నన్ను మోచేత్తో పొడిచింది. "ఏడుపు తరవాత. ముందు కేకెయ్యి. మా ముసలాడిలా అరవాలి."

సిగ్గేసింది. "వదినా, అంతా చేస్తాను కానీ, మా మంటని పడిందీ అని నా నోటితో అనలేను" అన్నాను.

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "పడిందేంటే? ఎవరన్నారు?"

"మీ ఆయనే. ప్రతి ఏడూ."

"నీ చెవులు కాకులెత్తుకుపోనూ! పండగపూట అలాంటి మాట అంటాడా మా ఆయన? మీ మంట మాకు కనబడిందీ అని చెప్పేవాడు. కనబడిందీ! అది చెప్పాకే మాది వెలిగించాలి. వాళ్ళ నాన్నా అదే, తాతా అదే."

అద్లా, గండి ఆ మాట మొదటి సగం మింగేసేది. తోక మాత్రం మనకి చేరేది. కబురు అందిందని వాళ్ళు చెబుతుంటే, మన తాతముత్తాతల నుంచి దాన్ని తిట్టనుకుని బుర్ర పగిలేలా బదులు అరిచాం.

ఇంకా ఉంది. హెల్వా అంది: "మీవాళ్ళు మాత్రం మర్యాదస్తులు. మా మంట లేవగానే మీరూ కనబడిందీ, కనబడిందీ అని ఎంత ముద్దుగా అరుస్తారు! మా ఆయన అది వినడానికే చెవి ఇలా పెట్టుకుని నిలబడేవాడు. వినబడ్డాక కళ్ళు తుడుచుకునేవాడు."

మన "నిలబడిందీ" తోక కూడా "బడిందీ" నే కదా. గండి వాళ్ళకి ఇచ్చిన వాటా అది. ఆవిడకి ఎప్పటికీ చెప్పను. నువ్వూ చెప్పకు.

నేను చేతులు నోటికి అడ్డంపెట్టి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను. "కనబడిందీ! కనబడిందీ!" కోడళ్ళు అందుకున్నారు. నిప్పులకుండ హెల్వాయే కాడల్లోకి ఒంపింది. మంట మా తలల మీంచి లేచింది. తరవాత ఆగాం.

అవతల చప్పుడు లేదు. ద్రాక్ష పంచేసుకున్నారనుకున్నాను. హెల్వా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఆయన నిలబడినట్టే నిలబడింది. ఆ మొహం చూడలేక నేల చూశాను.

అప్పుడు వచ్చింది. ముందు ఒక్క గొంతు. మీ నాన్నది, చిన్నప్పుడు దొంగతనంగా పళ్ళు కోసి దొరికిపోయినప్పటిలా బొంగురుగా. తరవాత తూర్పు కొండ మొత్తం. "...బడిందీ! ...బడిందీ!" అద్లా, అటునుంచి వింటే అది నిజంగానే చాలా ముద్దుగా ఉంటుంది.

ఊట దగ్గరికి దిగేసరికి రెండు వీధులూ కలిసి చిందు మొదలుపెట్టాయి. మీ నాన్న ద్రాక్షబుట్ట పట్టుకుని పక్కకి నిలబడ్డాడు. బుట్ట నిండుగానే ఉంది.

"పంచేస్తానన్నావుగా?"

"ఎవరూ తినలేదు. పిల్లలు కూడా చెయ్యి చాపలేదు." బుట్ట ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుని అడిగాడు. "నువ్వేనా ఆ అరిచింది? సొంత తమ్ముడి మంటని పడిందని..."

చెప్పాను. హెల్వా చెప్పింది చెప్పినట్టు చెప్పాను. బుట్ట కిందపెట్టి రాయిమీద కూర్చున్నాడు. పళ్ళు కొన్ని దొర్లిపోయాయి, ఏరుకోలేదు.

"నాన్న జీవితమంతా తిట్టాడే వాళ్ళని."

"వాళ్ళకి తిట్టు చేరలేదురా. నయం."

తలెత్తి, "మన మంట నిజంగా అంత బాగుందా?" అన్నాడు. అవునన్నాను. "వచ్చే ఏడు నన్ను కూడా ఆ కొండ ఎక్కించు. ఒక్కసారి చూస్తాను."

"మరి ఇటు ఎవరు వెలిగిస్తారు?"

"పెద్దదాన్నయ్యానని రాసిందిగా నా కూతురు. వచ్చి వెలిగించమను."

ఫాదరు చిందులో ఉన్నారు. గుడి వాకిట్లో మంట మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇక నీ ఇష్టం తల్లీ.

అత్తయ్య

*

తెల్ వర్ద,
సెప్టెంబరు చివర

అత్తా,

సఫియాకి ఆడపిల్ల పుట్టింది, సరిగ్గా పండగనాడే, పొద్దు వాలే వేళకి. బొడ్డు కోసి, చేతులు కడుక్కుని, వీళ్ళు కొండనే ఆ మట్టిదిబ్బ ఎక్కాను. పడమరగా నిలబడి చీకటిపడే దాకా చూశాను. ఏమీ కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది, బస్సుకే రోజు పట్టే దూరం. అయినా అక్కడ నువ్వున్నావని చూశాను. రెండో మంట లేచిందో లేదో తెలియక కిందికి దిగి, ఇన్నాళ్ళూ ఆ బెంగతోనే సూదులు ఉడకబెట్టాను.

ఈవేళ నీ ఉత్తరం వచ్చింది. దిబ్బ ఎక్కి చదివాను. ఆఖరికి వచ్చాక లేచి నిలబడి పడమరకి తిరిగి అరిచాను. పత్తిచేలో ఆడవాళ్ళంతా నడుములు ఎత్తి నావైపు చూశారు. రేపటి నుంచి నర్సుకి పిచ్చంటారు, అనుకోనీ.

వచ్చే సెప్టెంబరుకి సెలవు ఇప్పుడే అడిగాను. ఎందుకని డాక్టరు అడిగితే, మా ఊళ్ళో నాకొక పని ఉందని చెప్పాను.

పడలేదని నాన్నకి చెప్పు. కనబడింది.

అద్లా